ట్రిపుల్ టూ తూటాలు

"చెల్లాయ్, రేపటి నేలఉడుతల వేట పోటీకి ఈసారి పెద్ద తూటాలు చెయ్యవే," అన్నాడు వర్జిల్.

"ఉడుతకి ఫిరంగి ఎందుకన్నయ్యా? ట్రిపుల్ టూ అనే ఈ చిన్న కొలత తూటా చాలు. మనిద్దరి తుపాకులకీ అదేగా. నేనూ పోటీకొస్తున్నా," అంది మార్లా.

"నువ్వా! తూటాలు చేసిపెట్టు చాలు, బహుమతి నేను తెస్తాలే."

ఏటా చెల్లెలు చేసిన తూటాలతోనే గెలిచి, అంతా తన గురేనని ఊరంతా చెప్పుకునేవాడు.

మార్లా నవ్వి, పేలిపోయిన తూటాల పాత ఇత్తడి గొట్టాలు తుడిచి, అంచులు సమంగా కోసి, మందు నింపి, గుళ్లు బిగించింది.

మర్నాడు మోంటానా బీడులో వర్జిల్ తుపాకీలో ఒక్క తూటా కూడా పట్టలేదు.

"ఏం చేశావే?"

"ఇవన్నీ నా తుపాకీలో పేలిన గొట్టాలు, దాని కొలతకే ఉబ్బాయి. రకం ఒకటే అయినా నీ తుపాకీ లోపలి కొలత వెంట్రుకవాసి తక్కువ. ఏటా నీకోసం ఒక్కోదాన్నీ నొక్కి సన్నం చేసేదాన్ని. ఈసారి ఆ చాకిరీ మానేశాను," అంటూ మార్లా గురి చూసింది.