మెరుపు వద్దు

“ఒక్కటైనా వదల్లేదు కదరా! అవేం చేతులురా?”

అల్యూమినియానికి రంగు పూతలు వేసే ఆ షెడ్డులో యజమాని గొంతు పొద్దుటినుంచీ తగ్గలేదు. బల్ల మీద టేబుల్ లైట్ల మూతలు బోర్లించి ఉన్నాయి. ప్రతిదాని మీదా సన్నటి గీతలు. ‘గీతలు పడ్డ సరుకు తీసుకోబడదు’ అని ఆయనే రాయించిన బోర్డు ఆ బల్ల పైనే వేలాడుతోంది.

“కాగితం చుట్టినవి చుట్టినట్టే చేతిలోంచి జారాయి బావా. అంతే,” అన్నాడు బావమరిది నేలచూపులు చూస్తూ.

“అంతేనట! ఆ లైట్లావిడ పసిపిల్లని చుట్టినట్టు చుట్టి పంపింది. నువ్వు విప్పకముందే కొంప ముంచావు. ఆవిడిచ్చే పని పోయిందంటే షెడ్డు మూసుకోవడమే. నీకూ నాకూ చెల్లు. సంచి సర్దుకో.”

టీ తెచ్చిన భార్య గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి, మొగుడి మొహం చూడకుండా వెళ్లిపోయింది. తమ్ముణ్ణి ఒక్క మాటంటే ఆవిడకి పడదు.

ఇక ఒక్కటే దారి. మెరుపు పూత వేస్తే గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మసక పూతకైతే ముందు కాస్టిక్ సోడా నీళ్ల తొట్టిలో ముంచుతారు. పై పొర కాస్త కరిగి గీతలు పోతాయి. కానీ లైట్లావిడ మొదటినుంచీ మెరుపే కావాలంటోంది. నమూనాలు చూసి ఖాయం చేయడానికి ఇవాళే వస్తానంది.

బయట కారు తలుపు చప్పుడైంది. ఆయన మూతల మీద గబుక్కున గోనెపట్టా కప్పేశాడు.

“ఇది మెరుపు, ఇది మసక,” అంటూ రెండు ముక్కలు ఆవిడ చేతిలో పెట్టాడు. “మెరుపు చూడ్డానికి బాగుంటుందమ్మా, కాదనను. కానీ వేలు తగిలితే మరకే. రోజూ తుడుచుకుంటూ కూర్చోవాలి.”

ఆవిడ మసక ముక్కని అటూ ఇటూ తిప్పింది.

“దీని మీద మరకలు కనపడవా అన్నగారూ?”

“వెతికినా దొరకవు.”

“మరి గీతలు?”

యజమాని గోనెపట్టా వైపు ఓ చూపు విసిరాడు. “గీ... గీతలా? అసలే కనపడవమ్మా.”

“అయితే అన్నిటికీ ఇదే వేసేయండి.”

మూతలు ఓసారి చూపించమంటుందేమోనని ఆయన బల్లకి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ అటు చూడనైనా లేదు. ఎవరో తరుముతున్నట్టు లేచి వెళ్లిపోయింది.

యజమానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మూల నిలబడ్డ బావమరిది వీపు చరిచాడు.

“గండం గడిచింది. ఆ సంచి లోపల పెట్టు. ఇంకోసారి ఇలా చేశావో...”

“చెయ్యను బావా.”

“టీ చల్లారినట్టుంది, మళ్లీ పెడతానుండండి,” అంది భార్య లోపల్నుంచి. పొద్దుటినుంచీ ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

అప్పుడు చూశాడాయన, లైట్లావిడ కళ్లజోడు కుర్చీలోనే ఉండిపోయింది. అది తీసుకుని బయటికి పరుగెత్తాడు. ఆవిడ ఇటు వీపు పెట్టి కారు పక్కన ఫోన్లో నవ్వుతోంది.

“బతికిపోయాంరా కన్నా! మసక పూతే వేయమన్నాను. వాళ్లింకా కాగితం విప్పినట్టు కూడా లేరు. నువ్వు గీకిన గీతలు ఎవరి కంటా పడలేదు!”