చేప కడిగిన నీళ్ళు

తాళం వేసి ఉన్న తలుపును ఆ అమ్మాయి మళ్ళీ తట్టింది.

లోపల వీరాయి ఊపిరి బిగబట్టింది. కూతురు దర్శిని చేతిలోని చేపను చప్పుడు కాకుండా గిన్నెలో పెట్టింది.

బయట తాళం వేసింది పక్కింటి రామక్కాళ్. లోను కంపెనీ మనిషి వీధి మొదట్లో కనిపిస్తే చాలు, మదురైలోని ఆ కార్పొరేషన్ కాలనీలో సగం తలుపులకు బయట తాళాలు పడతాయి. మనుషులు లోపలే ఉంటారు.

"ఇంట్లో ఎవురూ లేరు తాయీ. తిరుమంగళం పోయిండారు," అంది రామక్కాళ్, తాళంచెవి కొంగున ముడివేసుకుంటూ.

"నిన్నా తిరుమంగళమే అంటివి కదవ్వా."

"ఇంకా బస్సు దిగలే."

వీధిలో ఎవరో నవ్వారు.

"అమ్మా, మన తెలుగే మాట్లాడతా ఉండాది," అని గుసగుసలాడింది దర్శిని. వసూలుకు వచ్చేవాళ్ళు ఎప్పుడూ తమిళంలోనే అరుస్తారు.

"మన మాట వింటే తలుపు తీస్తామని. కంపెనీవాడికి తెలివి ఎక్కువైంది," అంది వీరాయి.

అది భర్త మారియప్పన్ తీసిన లోను. కూతురి నర్సింగ్ చదువు కోసం తీశాడు. ఏడాది తిరక్కుండానే పెద్దాసుపత్రిలో పోయాడు. వీరాయి కిందికి వెళ్ళి టీ తెచ్చేలోగా ముఖం మీద దుప్పటి కప్పేశారు. నోట్లో చుక్క నీళ్ళు పోయలేకపోయానన్నదే ఇప్పటికీ ఆమె ఏడుపు.

ఆ అమ్మాయి గొడుగు ముడిచి గోడకు ఆనించింది. కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, లోపల ఉండారని తెలుసు. నేను వసూలుకు రాలే..."

తమిళుల ఆడి నెల. మారియమ్మ గుడి మైకు ఒక్కసారిగా మోగింది. సగం మాటలు అందులో కలిసిపోయాయి.

"...లోను... మీ ఆయనతోనే పోయిందక్కా!" అన్నది మాత్రం లోపలికి వినబడింది.

వీరాయికి ఒళ్ళు మండిపోయింది.

"చచ్చినోణ్ణి ఎగతాళి చేస్తావా? మీ కంపెనీ దుడ్డు శవంతో పోయిందంటావా?"

చేప కడిగిన నీళ్ళు గిన్నెతో ఎత్తి కిటికీలోంచి విసిరికొట్టింది.

ఆ అమ్మాయి జుట్టుకు అంటుకున్న పొలుసులు తీసుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

"అమ్మా, గొడుగు మరిచిపోయింది."

"ఉండనీ. ఇన్నాళ్ళకు మనమూ కంపెనీ దగ్గర ఒకటి వసూలు చేసినాం."

రామక్కాళ్ తాళం తీస్తూ పడీ పడీ నవ్వింది. నల్ల గొడుగు. విరిగిన కమ్మీ దగ్గర ఎర్ర దారంతో కుట్టు.

తర్వాత అసలు వసూలు మనుషులు వచ్చారు. వాళ్ళు తలుపు తట్టలేదు. తాళం ఎదురుగా బండి ఆపి, వీధి వినేలా దర్శిని పేరు పిలిచి తిట్టారు.

దర్శిని చదువు మానేసింది. కోయంబత్తూరు మిల్లు ఏజెంటు ఇచ్చిన అడ్వాన్సు లోనుకు కట్టి, పెట్టె పట్టుకుని బస్సెక్కింది. చదువు కోసం తీసిన లోను, చదువు మానితే తీరింది.

వానలు మొదలయ్యాక, ప్రెషర్ మాత్రల కోసం వీరాయి ఆ గొడుగు వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది.

వరుసలో ఉండగా ఒక వార్డు ఆయా వచ్చి గొడుగు పట్టుకుంది. తమిళంలో మొదలుపెట్టి, వీరాయి జవాబు విని తెలుగులోకి మారింది.

"ఇది మా మలర్ గొడుగక్కా! ఈ ఎర్ర దారం నేనే కుట్టినా. నీకెట్ల దొరికె?"

"ఏ మలర్?"

"జెబమలర్. మొగోళ్ళ వార్డులో ఉండె. లేనోళ్ళకు కార్డనీ, పెన్షననీ దారి చూపించే పని. ఒకాయన మంచం మీద నుండి అడిగినాడంట, 'నేను పోతే నా లోను పెండ్లాం మీద పడుతుందా' అని. దానికి తెలియలే. జవాబు చెప్పలేకపోతినే అని పగలంతా డ్యూటీ, సాయంత్రం లోనూ ఇన్సూరెన్సూ చెప్పే క్లాసు."

వీరాయి వరుసలోంచి పక్కకు వచ్చింది.

"ఆ లోనులో ముందే ఇన్సూరెన్సు దుడ్డు పట్టుకొని ఉంటారంట. మనిషి పోతే ఇంటోళ్ళు కట్టే పనే లేదు. కానీ గడువు లోపల కాగితం పెట్టాల. ఆ గడువు ఆడి నెలతో సరి. అది తెలిసిందే చాలని ఆ ఇల్లు వెతుక్కుంటా పరుగెత్తె."

"ఇప్పుడు... ఎక్కడుండాది?"

"కాంట్రాక్టు ముగిసె. ఫోను కూడా పోదు. ఆ రోజు తడిసి వచ్చి, 'లెక్కలు నేర్చుకుంటినక్కా, తలుపు తీయించే మాట నేర్చుకోలే' అని ఒకటే ఏడుపు."

వీరాయి గొడుగు ముడిచి ఆమె చేతిలో పెట్టింది. వేళ్ళు మాత్రం పిడిని వదల్లేదు.

"ఆ ఇంటోళ్ళంటే దానికి అంత పట్టుదల ఏందో అనుకుంటివా?" అంది ఆయా. "పాపం, పెండ్లాం టీకి పోయినప్పుడు ఆ మనిషి నోట్లో కడపటి నీళ్ళు పోసింది మా మలరే."