పక్కముఖం

“ఇది మీరు అద్దంలో చూసి గీసింది కాదు,” అన్నాడు ఉదయభాస్కర్.

రాజమండ్రిలో జరగబోయే స్వీయచిత్రాల ప్రదర్శనకు బొమ్మలు ఎంపిక చేసేది ఆయనే. ఎదురుగా నిలబడ్డ సత్తియ్య, పడవలకు రంగులు వేసి బతికే ముసలివాడు.

“నేనే గీశానండి.”

“తన పక్కముఖాన్ని తాను ఎవడూ చూసుకోలేడు. ఫొటో పెట్టుకుని దించారు.”

“సెలూన్లో కూర్చుని గీశానండి. గోడకో అద్దం, పక్కన ఇంకోటి. మంగళవారాలు క్షవరానికి ఎవరూ రారు కదండీ.”

“అంత అవస్థ దేనికి? ఎదురుగా చూసి గీసుకోవచ్చుగా?”

“నన్ను గుర్తుపట్టాల్సిన మనిషి చూసింది ఈ పక్కేనండి.”

“ఇది ప్రదర్శనండీ, పెళ్లిచూపులు కాదు!”

సత్తియ్య నవ్వలేదు.

“ఊరంతా వస్తారంట కదండీ. బహుమతి వద్దు. ఓ మూల తగిలించండి, చాలు.”

తన కళ్లలోకి తాను చూసుకోలేనివాడు స్వీయచిత్రం గీయకూడదన్నది ఉదయభాస్కర్ నియమం. బొమ్మను గోడవైపు తిప్పి పెట్టేశాడు.

ప్రదర్శన ముగిసింది. హాలు ఖాళీ చేయడానికి సాయం వచ్చిన కూతురు దుర్గాశ్రీ ఆ బొమ్మను ఇటు తిప్పి, తండ్రిని కేకేసింది.

“నాన్నా, ఈయనే!”

పన్నెండేళ్ల కిందట గోదావరిలో లంకకు వెళ్లే పడవ మునిగినప్పుడు, ఏడేళ్ల దుర్గాశ్రీని ఎవరో వీపున వేసుకుని ఈదుకొచ్చారు. ఒడ్డున దించి మళ్లీ నీళ్లలోకి దూకారు. ఆ మనిషి కోసం ఉదయభాస్కర్ అడగని రేవు లేదు.

“ముఖం చూళ్లేదన్నావు కదమ్మా?”

“వీపు మీదున్నదానికి ముఖం ఎలా కనబడుతుంది నాన్నా? ఈ చెంప, ఈ చెవి... ఇవే చూశాను.”

ఉదయభాస్కర్ తనవి ఇరవై స్వీయచిత్రాలు గీసుకున్నాడు. మరొకరి కంటికి తానెలా కనబడి ఉంటాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

బొమ్మ వెనక చిరునామా ఉంది. ఇద్దరూ వెళ్లేసరికి సత్తియ్య పెద్దకర్మ కూడా అయిపోయింది.

తానెవరో చెప్పింది దుర్గాశ్రీ. సత్తియ్య భార్య పాపాయి ఆమెను పాదాల నుంచి నెత్తిదాకా చూసింది.

“ఎంత ఎదిగావమ్మా! ఎలా ఉన్నావో ఒక్కసారి చూడాలని పోయేదాకా కొట్టుకున్నాడు.”

“నన్ను దించి, మళ్లీ ఎందుకు దూకారండి?”

పాపాయి చాప పరిచి ఆమెను కూర్చోబెట్టింది.

“నీళ్లలో రెండు చేతులు కనబడ్డాయంటమ్మా, దగ్గరున్నదాన్ని ముందు తెచ్చాడు, దూరంగా ఉన్నది మా అమ్మాయి.”