కరెంటమ్మ బిగించిన ఆల్టర్నేటర్

“బెల్టు ఇంకొంచెం బిగించాలి నాన్నా! ఇంకొంచెం లాగు... ఆఁ, చాలు చాలు!”

జీపు బానెట్ కింద నడుం దాకా దూరిపోయి కూతురు అరుస్తోంది. నాన్న ఇనుపరాడ్డుతో కొత్త ఆల్టర్నేటర్‌ని పక్కకి లాగిపట్టి నిలబడ్డాడు. ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనికి చేరి ఏడాది తిరగకుండానే ఆమెకి కరెంటమ్మ అని పేరు పడిపోయింది. ఆ పేరు నిలబెట్టాల్సిన రోజు ఇవాళే.

జీపు ఆమెకంటే పదేళ్ళు పెద్దది. సర్వేవాళ్ళని నాన్న రోజూ దాంట్లోనే కొండమీదికి తీసుకెళ్తాడు. పైన ఎప్పుడూ మంచే, పట్టపగలే లైట్లు వేసుకోవాలి. ఆ లైట్లు తాగేసిన బ్యాటరీని మళ్ళీ నింపడం ఆల్టర్నేటర్ పని. పాతది నాలుగేళ్ళుగా ఆ పని మానేసింది. అందుకే పొద్దున్నే ఎవరో ఒకరు జీపుని నెట్టాలి.

నెట్టేది పక్కింటి పెదనాన్న. అదే కరెంటమ్మకి తల కొట్టేసినట్టు ఉండేది.

నాలుగేళ్ళ కిందట రెండిళ్ళ మధ్య గోడ ఎక్కడ కట్టాలో తేలక అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. గోడ నడుమెత్తు లేచింది, మాటలు ఆగిపోయాయి. అయినా సరిగ్గా ఏడింటికి నాన్న జీపు తలుపు మీద రెండు దెబ్బలు కొడతాడు. కంచెలు కట్టే పనికి బయల్దేరబోతూ పెదనాన్న వస్తాడు. నడుముకి కటింగ్ ప్లేయర్, భుజాన తువ్వాలు. నెడతాడు, ఇంజిన్ అందుకోగానే చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడు. మాటా లేదు, మంచీ లేదు.

“మన మీద దయ చూపిస్తున్నట్టు ఆ పోజొకటి! నువ్వు ఆయన ముందు రోజూ తలొంచుకోవడం ఇక నావల్ల కాదు నాన్నా,” అంది కరెంటమ్మ, విప్పి పక్కన పడేసిన పాత ఆల్టర్నేటర్‌ని తీసి బల్ల మీద పెడుతూ.

“వాళ్ళిద్దరికీ మాటల్లేవు గానీ, నెట్టుళ్ళున్నాయి,” అంది అమ్మ గుమ్మంలోంచి.

నా జీపు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు అని నాన్న ఇన్నాళ్ళూ ఏ మెకానిక్‌నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కూతురు చెప్పాపెట్టకుండా కొత్తది కొని తెచ్చేసరికి కాదనలేకపోయాడు.

“ఇదేంటి నాన్నా, వెనక సన్నవైరు నట్టు ఒక్కటే ఇంత అరిగిపోయింది? దీని మీద స్పానర్ గాట్లూ ఉన్నాయి, ప్లేయర్ పళ్ళ గుర్తులూ ఉన్నాయి!”

“పాత బండి కదమ్మా. నేను ప్రతి ఆదివారం నట్లన్నీ బిగిస్తానా, అలాగే అరుగుతాయి.”

కొత్తది పాతదానికి రెండింతలు. బ్రాకెట్ కుదరకపోతే, బెల్టు వెయ్యకముందే రెండు వాషర్లు పెట్టి కుదిర్చింది. ఇప్పుడు బ్యాటరీ దాకా లావు కేబుల్ వేసింది. ఆఖరికి సన్నవైరు తగిలించి, ఎనిమిదో నంబరు స్పానర్‌తో నట్టు బిగించింది.

“దీని ప్రాణమంతా ఈ వైరులోనే నాన్నా. ఇది ఊడితే ఆల్టర్నేటర్ ఉత్తినే తిరుగుతుంది. ఇక తాళం తిప్పు!”

బుర్రుమంది జీపు! కరెంటమ్మ మీటరు పెట్టి చూసి గెంతేసింది.

“పద్నాలుగు పాయింట్ రెండు వోల్టులు! బ్యాటరీ నిండుతోంది! అమ్మా, పద్నాలుగు పాయింట్ రెండు!”

అదెంతో అమ్మకి తెలియకపోయినా చప్పట్లు కొట్టింది. నాన్న నవ్వుతూ గోడవైపు చూశాడు. అన్నగారు వింటున్నాడో లేదోనని చూస్తున్నాడనుకుంది కరెంటమ్మ, ఇంకాస్త రేస్ ఇమ్మంది.

మర్నాడు పెదనాన్న గేటు దగ్గరికి వచ్చేసరికే జీపు గురగురలాడుతోంది.

“ఇక మీకు శ్రమ లేదు పెదనాన్నా!” అంది కరెంటమ్మ గర్వంగా.

“మంచిదమ్మా,” అని ఆయన తువ్వాలు సర్దుకుని వెనక్కి తిరిగాడు. నాన్న మరో ఐదు నిమిషాలు బండి కదల్చలేదు. ఇంజిన్ వేడెక్కాలన్నాడు.

ఆ బుధవారం తాళం తిప్పితే ‘టక్’ అంది. అంతే.

నాన్న తలుపు మీద ఒక్క దెబ్బే కొట్టాడు. రెండోది పడేలోగా పెదనాన్న వచ్చేశాడు.

సాయంత్రం ఆమె బానెట్ ఎత్తి చూస్తే సన్నవైరు నట్టు వదులుగా ఉంది. నిగనిగలాడే కొత్త నట్టు మీద ప్లేయర్ పళ్ళ గుర్తులు!

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అంటే ఇన్నేళ్ళూ నాన్నని తన ముందు నిలబెట్టుకోవడానికి పెదనాన్న ఆడిన నాటకమా ఇది? ఎవరికీ చెప్పలేదు. నట్టు బిగించేసి, బ్యాటరీ చార్జింగుకి పెట్టి, తెల్లవారుజామునే లేచి వంటింటి కిటికీ దగ్గర కాపు కాసింది.

ఐదున్నరకి గోడ మీద ఒక కాలు కనిపించింది. తర్వాత తువ్వాలు. పెదనాన్న మెల్లిగా దిగి, అటూ ఇటూ చూసి, బానెట్ ఎత్తాడు. చేతిలో ప్లేయర్.

“దొరికాడు!” కరెంటమ్మ నాన్నని లేపడానికి పరుగెత్తింది. మంచం ఖాళీ. వెనక్కి తిరిగి పెరటి గుమ్మం దగ్గరికి పరుగెత్తి, అక్కడే నిలబడి జీపు వైపు తొంగి చూస్తున్న నాన్నని గుద్దుకుంది.

“నాన్నా! మన వైరు ఊడదీస్తున్నది పెదనాన్నే! నాలుగేళ్ళుగా ఆయనే! రా, చేతిలో ప్లేయర్ ఉండగానే పట్టుకుందాం!”

“ష్! అరవకే తల్లీ, అన్నయ్య వింటే బెదిరిపోతాడు,” అన్నాడు నాన్న. ఆయన కళ్ళు తళతళా మెరుస్తున్నాయి.

“అయితే నీకు ముందే తెలుసా?”

“ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే అనుకున్నా.”

నాన్న చేతిలో ఎనిమిదో నంబరు స్పానర్ ఉంది.