మిషను తొక్కే చేతులు

ఆస్పత్రిలో కదలని సైకిలెక్కిన మా తమ్ముడు కాసేపటికే తొక్కలేక కాళ్లు వదిలేశాడు.

“ఆయాసమా?” అంది డాక్టరమ్మ.

“ఆయాసం నాకు పాత చుట్టమేనండీ. ఇవాళ కాళ్లే మొరాయించాయి.”

వాడి తొడకు కట్టిన, ప్రాణవాయువు కొలిచే యంత్రం చూసి ఆమె నాతో చెప్పింది. “ఊపిరితిత్తులు పాడయ్యాయి కదమ్మా. గాలి లాగే కండరాలే రక్తంలో పెద్ద వాటా తీసేసుకుంటున్నాయి. కాళ్లకి ప్రాణవాయువు చాలట్లేదు. దానికితోడు పని లేక కాళ్లు చిక్కిపోయాయి. ఏం చేస్తుంటాడు?”

“దర్జీ అమ్మా. మిషను కుడతాడు.”

“కుట్టడం వరకే నేను. కింద కూర్చుని చేతుల్తో పెడలు నొక్కేది అక్క. మా కొట్లో మోటారు ఆవిడే” అని నవ్వాడు వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. “ఇకమీదట అతన్నే తొక్కనివ్వండి. కొద్దికొద్దిగా, ఆగి ఆగి. ఉన్న బలం కూడా పోతే ఇక మంచమే.”

మర్నాడు కొట్లో మిషను వాడే తొక్కాడు. చొక్కా భుజం కుట్టు సగంలో సూది ఆగిపోయింది. మెడ నరాలు తేలాయి. నోరు తెరుచుకుని మిషను మీదికి వాలిపోయాడు. వాడి ఒంట్లో ముందు ఊపిరి తినాలి, మిగిలితేనే కాళ్లకి. దేవుణ్ణి తలుచుకుంటూనే నేను కిందికి వంగి పెడలు మీద చేతులు వేశాను.

వాడికి మాట రావడానికి చాలాసేపు పట్టింది.

“చేతులు తియ్యక్కా.”

తీశాను. వాటిని ఏం చేసుకోవాలో తెలియక జోడించుకున్నాను.