నిమ్మతొక్కల నీళ్లు

గుండెజబ్బుతో మంచం పట్టిన భార్యకి ఫినాయిల్ వాసన పడదని, దర్జీ నిమ్మతొక్కల్ని వెనిగర్‌లో ఊరబెట్టి, వడకట్టి సీసాకెత్తాడు. ఆ ఘాటుకి చీమలు కూడా మర్యాదగా వేరే దారి చూసుకున్నాయి. సరే, వాటి గొడవ మనకెందుకు!

మంచం దిగొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఇల్లు తుడవలేదని తెలిస్తే ఆవిడ ఆగే మనిషా? తనే తడిగుడ్డ పట్టుకుంటుంది.

అందుకే, పగలంతా మిషను తొక్కి ఓపిక చచ్చిన రోజున, దర్జీ ఆవిడ గది గుమ్మంలో ఆ నీళ్లు నాలుగు చుక్కలు చల్లి, "తుడిచేశానే!" అనేవాడు.

"తెలుస్తోందిలెండి, ఘుమఘుమలాడుతోంది" అనేది లోపల్నుంచి.

ఇవాళ చల్లే ఓపిక కూడా లేక, సీసా పట్టుకుని వంటింట్లోనే కూలబడ్డాడు. మూతైనా తియ్యలేదు.

"అబ్బ, నిమ్మవాసన గుప్పుమంటోంది!" అంది ఆవిడ గదిలోంచి. "తుడిచింది చాలు, వచ్చి కాస్త నడుం వాల్చండి."