పచ్చడి సీసాల సాక్ష్యం

"అయ్యా, కాలువగట్టు వీధి పదిహేడో నంబరు, మూడో అంతస్తులో స్టోయాంక వులేవ అనే బల్గేరియా ఆవిడ ఉంటున్నట్టు దరఖాస్తు పెట్టింది. పచ్చి అబద్ధం. తలుపు మీద పేరుంది గానీ లోపల మనిషి లేదు. తన దేశంలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, మన బెల్జియం సొమ్ము తినాలని పన్నాగం. ఇట్లు, ఒక నిజాయితీపరుడు."

సోమవారం పొద్దున్నే ఈ ఆకాశరామన్న ఉత్తరం చదవగానే పేట పోలీసు వాన్నెస్‌కి ప్రాణం లేచొచ్చింది. దొంగను పట్టుకునే అవకాశం మా పేటలో ఏడాదికోసారైనా రాదు మరి! కాఫీ సగంలో వదిలేసి సైకిలెక్కాడు.

బల్గేరియా నుంచి ఇక్కడికి రావడానికి వీసా అక్కర్లేదు, పని చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ పేట పోలీసు ఇంటికొచ్చి, కళ్ళారా చూసి, "ఉంటోంది" అని రాస్తే తప్ప ఆ మనిషి ఉన్నట్టు కాదు. వైద్యం కార్డూ రాదు, ఇంకేదీ రాదు.

వీధి గుమ్మం దగ్గర రెండుసార్లు గంట కొట్టాడు. ఎవరూ రాలేదు. "దొరికింది!" అనుకుని మీసం దువ్వుకున్నాడు. మూడోసారి కొట్టబోతుంటే తలుపు తెరుచుకుంది. అరవైకి దగ్గర పడిన ఆవిడ, గోడ పట్టుకుని నిలబడి రొప్పుతోంది.

"స్టోయాంక అంటే నేనే. ఈ మోకాలితో మెట్లు దిగాలంటే ఆలస్యమవుద్ది బాబూ, ఏమనుకోకు."

"ఇల్లు చూడాలి," అన్నాడు ముభావంగా, ఆవిడ వెనకే మెట్లెక్కుతూ.

చూశాడు. నేల మీద ముఖం చూసుకోవచ్చు. పక్క దుప్పటికి ఒక్క ముడత లేదు. సబ్బుకి కాగితమైనా విప్పలేదు. చెత్తబుట్ట ఖాళీ. పళ్ళు తోముకునే బ్రష్షు తాకి చూశాడు. ఎండిన పుల్లలా ఉంది.

"అసలిక్కడ మనుషులుంటారా అమ్మా?"

"అదేం మాట బాబూ! సర్కారు మనిషి గుమ్మం తొక్కితే ఇల్లు అద్దంలా ఉండాలి. పాత బ్రష్షు కనబడితే మా అమ్మ నా వీపు చీరేసేది. అందుకే అన్నీ కొత్తవి పెట్టా."

"పాత బ్రష్షుంటేనే మనిషి ఉన్నట్టమ్మా! ఇది ఇల్లు కాదు, హోటల్ గది."

స్టోయాంక కుర్చీలో కూలబడింది. భయం ఆమె ముఖంలో స్పష్టంగా కనిపించింది.

"పన్నెండో తారీకున మోకాలికి ఆపరేషన్. నువ్వు రాస్తేనే కార్డు, కార్డుంటేనే ఆపరేషన్. లేదంటే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. లాండ్రీలో నిలబడి హోటళ్ళ దుప్పట్లు మడిచీ మడిచీ అరిగిపోయింది బాబూ ఈ కీలు."

వాన్నెస్‌కి జాలేసింది. కానీ జాలికీ తనిఖీకీ సంబంధం లేదు. "చూసిందే రాస్తాను," అని కలం తీశాడు. "నివాసం" అని రాశాడు. "లేదు" అని రాయబోతుంటే తలుపు దబదబా మోగింది.

కింది వాటా గుస్తావ్. డెబ్భై అయిదేళ్ళ పెద్దాయన, నోరు మాత్రం పాతికేళ్ళది.

"పోలీసా? సమయానికొచ్చావ్! ఈవిడ మీద కేసు రాయి! తెల్లారి అయిదింటికే నా నెత్తి మీద చెక్క చెప్పుల టకటక! నెల్లాళ్ళుగా మిరపకాయల పొగ! నా కర్టెన్లు, నా కోటు, ఆఖరికి నా కుక్క కూడా మిరపకాయ కంపే!"

వాన్నెస్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నెల్లాళ్ళుగానా? రోజూనా?"

"ఆదివారాలు కూడా! నమ్మకపోతే వెనక బాల్కనీ చూడు!"

చూశాడు. గోడ పొడుగునా సీసాలు, ఒకదాని మీద ఒకటి. కాల్చిన ఎర్ర మిరపకాయల పచ్చడి. లెక్కపెడితే అరవై నాలుగు.

"ఇన్ని ఎవరికమ్మా?"

"ఎవరికేంటి, నాకే. చలికాలం గడవద్దూ?"

వాన్నెస్ ఓ సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు. బ్రష్షు కొత్తది పెట్టి ఎవర్నైనా బురిడీ కొట్టించొచ్చు. కానీ చలికాలానికి అరవై నాలుగు సీసాల పచ్చడి పట్టి పెట్టుకున్న ఆడమనిషి ఆ ఇల్లొదిలి ఎక్కడికి పోతుంది? వాన్నెస్ అమ్మమ్మా అంతే, సీసాల్లో చిక్కుళ్ళు నింపిందంటే వసంతం దాకా ఊరు కదిలేది కాదు. "నివాసం" పక్కన "ఉంది" అని రాసి సంతకం గీకాడు. స్టోయాంక ఆనందం పట్టలేక ఓ సీసా చేతిలో పెట్టబోయింది. బహుమతులు తీసుకోకూడదు గనక, అక్కడే నిలబడి రెండు రొట్టెముక్కలకు రాసుకుని తిన్నాడు. అది తనిఖీలో భాగమట!

కిందికి దిగుతూ గుస్తావ్‌ని పక్కకి పిలిచాడు.

"తాతా, ఆ ఆకాశరామన్న ఎవరో నాకు తెలుసులే. ఆవిణ్ణి వెళ్ళగొట్టబోయి, నీ నోటితో నువ్వే ఇక్కడ నిలబెట్టావ్. ఇంకోసారి ఇలాంటి ఉత్తరమొస్తే ఊరుకోను."

"బుద్ధొచ్చింది నాయనా," అన్నాడు గుస్తావ్ తలొంచుకుని.

సైకిలు మలుపు తిరిగేదాకా చూసి, గుస్తావ్ మళ్ళీ పైకెక్కాడు. తలుపైనా తట్టకుండా వంటింట్లోకి వెళ్ళి కుర్చీ లాక్కున్నాడు.

"ఇల్లంతా అలా తోమిపెట్టమని ఎవరు చెప్పారమ్మా నీకు? కొంప ముంచేదానివి!"

స్టోయాంక నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆయన రొట్టెకి దిట్టంగా పచ్చడి రాసింది.

"తిట్టకు అన్నయ్యా! జూన్ నుంచి 'ఇక్కడే ఉంటున్నా, వచ్చి చూడండి' అని నా పేరుతో మూడు ఉత్తరాలు రాస్తే కన్నెత్తి చూడనివాడు, 'ఆవిడిక్కడ లేదు' అని నువ్వు చెప్పగా నేను రాసిన నాలుగోదానికి సోమవారం పొద్దున్నే సైకిలేసుకుని పరుగెత్తుకొచ్చాడు!"